దత్తతకి ఇల్లు చూస్తారు, సరోగసీకి చూడరు: విచారణ ఎంత ఉండాలి, ఎవరి గురించి ఉండాలి?

మా పాప ఇంటికి రాకముందు ఒక సోషల్ వర్కర్ వచ్చారు. పాలకొల్లు దగ్గర మా ఊరు, పంట కాలవ గట్టునే ఇల్లు. వరండాలో కుర్చీ వేస్తే ఆవిడ కూర్చోలేదు, ముందు ఇల్లు చూస్తానన్నారు. వంటింట్లో గ్యాస్ బండ ఎక్కడ పెట్టామో చూశారు. పెరట్లో నూతి గట్టు పక్కన నిలబడి అది ఎంత ఎత్తు వస్తుందో చూసుకున్నారు. కాలవ వైపు గేటు తోసి చూసి, “దీనికి గడియ పైన పెట్టించండమ్మా, కింద ఉంటే పిల్లలకి అందేస్తుంది” అన్నారు. తరవాత నన్నొక గదిలో, మా ఆయన్నొక గదిలో విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. ఆయన్ని అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఆ రాత్రి నాకు చెప్పారు: “రాత్రి రెండింటికి బిడ్డ ఏడిస్తే ఎవరు లేస్తారండీ?” “మా ఆవిడే లేస్తుంది” అన్నారట ఈయన. ఆవిడ అది రాసుకుని, “మీరెందుకు లేవరు?” అని అడిగారట. ఈయన దగ్గర జవాబు లేదు. పాప వచ్చాక ఎక్కువ రాత్రులు లేచింది మాత్రం ఆయనే.

పాప వచ్చిన ఏడాదే, 2023లో, కాకినాడలో ఉండే మా పెద్దమ్మ కూతురు సరోగసీకి, అంటే తన బిడ్డని వేరే ఆడమనిషి కడుపున మోయించుకోవడానికి, వెళ్ళింది. పెళ్ళైన కొత్తలోనే జబ్బు చేసి అక్కకి గర్భసంచి తీసేశారు, అండాశయాలు ఉన్నాయి. బిడ్డని మోయడానికి ఆవిడ తోడికోడలు ఒప్పుకుంది. అక్క ఫైలు నా దత్తత ఫైలుకి రెండింతల మందం ఉంది. జిల్లా మెడికల్ బోర్డు కాగితం, కోర్టు ఆర్డరు, ఇన్సూరెన్స్, రక్త పరీక్షలు, స్కానింగులు అన్నీ ఉన్నాయి. కానీ మొదటి నుంచి చివరి దాకా వాళ్ళింటికి ఎవరూ రాలేదు. మంచం ఎక్కడ వేస్తారు, ఇంట్లో ఎవరెవరుంటారు, రాత్రి ఎవరు లేస్తారు, ఏదీ ఎవరూ అడగలేదు.

అప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. రెండు ఇళ్ళలోకీ వచ్చింది పసిబిడ్డే. ఒక ఇంటికి అంత విచారణ, ఇంకో ఇంటికి ఏమీ లేకపోవడం ఏమిటి? సరోగసీకి కూడా దత్తతకి చేసినంత విచారణ పెట్టాలా? మా చుట్టాల్లోనే ఇద్దరు ముగ్గురు ఇప్పుడు ఈ రెండు దారుల మధ్య తేల్చుకోలేక ఉన్నారు. వాళ్ళకి విడివిడిగా చెప్పిందే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు, దత్తత అంటే ఏ దత్తత?

చాలామంది ఇక్కడే పొరబడతారు. ‘దత్తతలాగే విచారణ’ అనగానే మనసులో ఒకటే పద్ధతి ఉంటుంది. మన గోదావరి జిల్లాల్లో దత్తత రెండు రకాలుగా జరుగుతుంది.

ఒకటి మేము వెళ్ళిన దారి. బాలల న్యాయ చట్టం 2015 కింద, కారా అని పిలిచే కేంద్ర దత్తత సంస్థ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ తరవాత హోమ్ స్టడీ జరుగుతుంది, అంటే సోషల్ వర్కర్ వచ్చి ఇల్లు చూసి, ఇంటివాళ్ళతో మాట్లాడి రిపోర్టు రాస్తారు. ఆ రిపోర్టు మూడేళ్లు చెల్లుతుంది. దంపతులైతే కనీసం రెండేళ్లు స్థిరంగా కాపురం చేసి ఉండాలి. 2022 నియమాల ప్రకారం ఏ నేరంలోనైనా శిక్ష పడినవాళ్ళు, పిల్లల హక్కుల విషయంలో కేసు ఉన్నవాళ్ళు అర్హులు కారు. వయసులకీ లెక్క ఉంది: రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు. 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఆర్డరు కోర్టుకి బదులు జిల్లా కలెక్టరే ఇస్తున్నారు. బిడ్డ వచ్చాక కూడా రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూస్తారు.

రెండోది మన ఊళ్ళలో తరతరాలుగా ఉన్న దత్తత. అన్నయ్య కొడుకుని తమ్ముడు పెంచుకోవడం, అక్క కూతుర్ని చెల్లెలు తీసుకోవడం. ఇది 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కిందికి వస్తుంది. బిడ్డని నిజంగా ఇచ్చి పుచ్చుకోవాలి. దత్తహోమం చెయ్యకపోయినా చెల్లుతుందని చట్టమే చెబుతుంది. డాక్యుమెంటు రిజిస్టరు చేయిస్తే రేపు ఆస్తి గొడవల్లో బలంగా నిలబడుతుంది. కన్న తల్లిదండ్రులే ఇచ్చేటప్పుడు ఇందులో ఇల్లు చూసేవాళ్ళు లేరు, పోలీసుల్ని అడిగేవాళ్ళు లేరు, తరవాత వచ్చి పలకరించే అధికారీ లేరు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు, పంతులుగారి మంత్రాలు, భోజనాలు, అంతే.

కాబట్టి సరోగసీకి దత్తతంత విచారణ కావాలనేవాళ్ళు ముందు ఏ దత్తతతో పోలుస్తున్నారో చెప్పాలి. కారా పద్ధతిలో విచారణ అంత గట్టిగా ఉండడానికి కారణం ఉంది. అక్కడ బిడ్డ వెనక ఎవరూ లేరు. కన్నవాళ్ళు వదిలేశారో, చనిపోయారో, ఆ బిడ్డ తరఫున మాట్లాడడానికి ప్రభుత్వం తప్ప మనిషి లేడు. అన్నదమ్ముల మధ్య దత్తతలో కన్నతల్లి రెండు వీధుల అవతలే ఉంటుంది, బిడ్డ ఎలా ఉందో రోజూ ఆవిడ కంటపడుతుంది. (ఆ దత్తతలోనూ అన్యాయాలు జరుగుతాయి. పొలం కోసం తెచ్చుకున్న కొడుకుని పాలేరులా వాడుకున్న ఇల్లు మా ఊళ్ళోనే నాకు తెలుసు. ఆ సంగతి మరోసారి.)

సరోగసీ ఈ రెండింటి మధ్య ఎక్కడ పడుతుంది? బిడ్డ ఆ దంపతుల రక్తమే, కనీసం ఒకరిదైనా, ఆ రకంగా మామూలు కాన్పు లాంటిది. కానీ ఒక ఆడమనిషి తొమ్మిది నెలలు మోసి, కని, ఇంకొకరి చేతుల్లో పెడుతుంది. ఆ రకంగా అది దత్తతకి దగ్గర.

సరోగసీ చట్టం దేన్ని చూస్తుంది, దేన్ని చూడదు

మనవాళ్ళు దీన్ని అద్దె గర్భం అంటారు. ఆ మాట పాతది. 2021 నాటి సరోగసీ చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చాక అద్దె అనేదే నేరం. వైద్య ఖర్చులు, ఇన్సూరెన్స్, చట్టం చెప్పిన ఖర్చులు తప్ప మోసే తల్లికి డబ్బు ఇవ్వకూడదు. డబ్బుతో సరోగసీ నడిపినవాళ్ళకి పదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా ఉంటాయి. డబ్బిచ్చి చేయించుకున్న దంపతులకి మొదటిసారికే అయిదేళ్ల దాకా పడొచ్చు.

దంపతుల్లో భార్యకి 23 నుంచి 50, భర్తకి 26 నుంచి 55 మధ్య వయసు ఉండాలి. చట్టం రాకముందే పిండాలు దాచుకున్నవాళ్ళకి ఈ వయసు లెక్క వర్తించదని 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. బతికున్న బిడ్డ ఉండకూడదు, శారీరక లేదా మానసిక వైకల్యం, ప్రాణాంతక జబ్బు ఉన్న బిడ్డ ఉంటే మాత్రం మినహాయింపు ఉంది. గర్భసంచి లేదనో, ఎన్నిసార్లు ప్రయత్నించినా నిలవలేదనో, గర్భం వస్తే ప్రాణానికి ముప్పనో జిల్లా మెడికల్ బోర్డు రాసివ్వాలి. పుట్టబోయే బిడ్డ ఎవరిది, ఎవరి దగ్గర ఉంటుందని మేజిస్ట్రేటు కోర్టు నుంచి ముందే ఆర్డరు తెచ్చుకోవాలి. భార్య చనిపోయిన, విడాకులు తీసుకున్న మగవాళ్ళకి ఈ దారి లేదు. భర్త పోయిన లేదా విడాకులైన ఆడవాళ్ళకి 35 నుంచి 45 ఏళ్ల మధ్య ఉంది.

మోసే తల్లికి పెళ్ళై, సొంత బిడ్డ ఉండాలి, వయసు 25 నుంచి 35. జీవితంలో ఒక్కసారే మోయాలి. ఆవిడ అండం వాడకూడదు. శారీరకంగా, మానసికంగా సరిగ్గా ఉందని డాక్టర్ల సర్టిఫికెట్ కావాలి. కాన్పు తరవాత వచ్చే ఇబ్బందులకి కూడా వర్తించేలా 36 నెలల ఇన్సూరెన్స్ చేయించాలి. పిండం లోపల పెట్టేదాకా ఆవిడ ఎప్పుడైనా వద్దు అనొచ్చు.

ఇన్ని కాగితాల్లో దంపతుల ఒళ్ళు గురించి, వయసు గురించి, పెళ్ళి గురించి ఉంది. బిడ్డ వెళ్ళే ఇంటి గురించి ఒక్క పేజీ లేదు. పుట్టిన బిడ్డని ఏ కారణంతోనూ వదిలెయ్యకూడదని చట్టం కచ్చితంగా చెప్పింది, ఆ బిడ్డకి కన్నబిడ్డ హక్కులన్నీ ఇచ్చింది. కానీ పుట్టాక ఎలా ఉందో వచ్చి చూసే ఏర్పాటు చెయ్యలేదు.

అసలు భయం ఎక్కడుంది?

విచారణ కావాలనేవాళ్ళు ఎక్కువగా చెప్పే ఉదాహరణ థాయిలాండ్‌లో జరిగింది. 2013 చివర్లో ఒక ఆస్ట్రేలియా జంట కోసం అక్కడి అమ్మాయి కవలల్ని కన్నది. పాప ఆస్ట్రేలియా వెళ్ళింది, డౌన్ సిండ్రోమ్ ఉన్న బాబు కన్నామె దగ్గర ఉండిపోయాడు. 2014లో ఈ సంగతి ప్రపంచమంతా తెలిశాక ఇంకో విషయం బయటపడింది: ఆ తండ్రికి గతంలో చిన్నపిల్లలపై లైంగిక నేరాలకి శిక్ష పడింది. బాబుని కావాలని వదిలేశారన్న ఆరోపణ నిజం కాదని 2016లో అక్కడి కోర్టు తేల్చింది, పాపని కట్టుదిట్టమైన షరతులతో వాళ్ళ దగ్గరే ఉంచింది. అయినా నా మనసులో మిగిలే ప్రశ్న ఒకటుంది. ఆ మనిషి దత్తతకి దరఖాస్తు పెడితే మొదటి వారంలోనే ఆగిపోయేది. సరోగసీకి ఎవరూ ఆపలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

మన దగ్గర జరిగిందాంట్లో భయం వేరే చోట ఉంది. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో ఒక ఫెర్టిలిటీ సెంటర్ కేసు బయటికొచ్చింది. పోలీసులు చెప్పినదాని ప్రకారం, సరోగసీ ద్వారా మీ బిడ్డే పుట్టిందని ఒక జంట దగ్గర లక్షలకి లక్షలు తీసుకుని చేతిలో బిడ్డని పెట్టారు. అనుమానం వచ్చి వాళ్ళే డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే ఆ బిడ్డ వాళ్ళది కాదని తేలింది. పేద తల్లిదండ్రుల దగ్గర డబ్బిచ్చి తెచ్చిన బిడ్డ అని పోలీసులు అన్నారు. ఆ జంట ఇంటిని పదిసార్లు చూసినా ఈ మోసం ఆగేది కాదు. మోసే తల్లి ఎవరో, ఆవిడ నిజంగా గర్భంతో ఉందో లేదో ఎవరైనా ఒక్కసారి వెళ్ళి చూసి ఉంటే ఆగేది.

రాజోలు, మలికిపురం వైపు ఎన్నో ఇళ్ళ ఆడవాళ్ళు కువైట్, మస్కట్ వెళ్ళి ఇంటి పనులు చేసి అప్పులు తీర్చారు. అవసరంలో ఉన్న ఆడమనిషి ఇంటికి ఏజెంటు ఎలా వస్తాడో, ఏం మాట్లాడతాడో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. సరోగసీలో డబ్బు నేరమైనంత మాత్రాన ఆ ఏజెంటు మాయమైపోడు, చాటుకి వెళ్తాడు.

ఇక మూడో భయం మా ఇంట్లోనే చూశాను. అక్క తోడికోడలికి ఏడో నెలలో చూడ్డానికి వెళ్ళాను. తను కింద చాప మీద గోడకి ఆనుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి, మెట్టెలు తీసి పక్కన గిన్నెలో పెట్టుకుంది. అత్తగారు వంటింట్లోకి వెళ్ళాక నేను మెల్లిగా అడిగాను, “నీకు ఇష్టమయ్యే ఒప్పుకున్నావా అమ్మా?” అని. చిక్కుడు గింజలు చేటలో వేస్తూ, తల ఎత్తకుండా చెప్పింది: “ఇష్టమేనక్కా. కాదంటే ఈ ఇంట్లో ఎలా ఉంటాను చెప్పండి.”

ఆ రెండు వాక్యాలు ఒకదాని పక్కన ఒకటి ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తనకి మానసిక పరీక్ష సర్టిఫికెట్ ఉంది. పరీక్ష చేసిన గదిలో అత్తగారు కూడా కూర్చున్నారట, ఎవరూ బయటికి వెళ్ళమనలేదట. మనసులో మాట అడగడానికే పెట్టిన పరీక్ష అది, ఆ మాట చెప్పే వీలే తనకి దొరకలేదు. ఇప్పుడు అక్క బాబు బాగున్నాడు, తోడికోడలు ఆరోగ్యంగానే ఉంది, ఇద్దరూ ఒకే కంచంలో తినేంత దగ్గరగా ఉన్నారు. ఇదంతా ఇద్దరినీ అడిగి, సరేనంటేనే రాస్తున్నాను. కానీ అంతా బాగా జరగడం వాళ్ళ మంచితనం వల్ల, ఏర్పాటు వల్ల కాదు.

మూడు పద్ధతులు, వాటి మంచిచెడ్డలు

మొదటిది, కారా విచారణని ఉన్నదున్నట్టు సరోగసీకి పెట్టడం. దీని బలం ఏమిటంటే, బిడ్డ ఏ దారిన వచ్చినా రక్షణ ఒకటే అవుతుంది. ప్రభుత్వం ఇద్దరికీ కాగితం మీద తల్లిదండ్రులని సంతకం పెడుతోంది కాబట్టి ఇద్దరినీ చూడాలి. మామూలుగా బిడ్డల్ని కనేవాళ్ళని ఎవరూ విచారించరు కదా అని అడిగేవాళ్ళకి నేనిచ్చే జవాబు ఇదే. మామూలు కాన్పుకి మేజిస్ట్రేటు ఆర్డరు అక్కర్లేదు. సరోగసీకి కావాలి. సంతకం పెట్టేటప్పుడు దేని మీద పెడుతున్నారో చూడమని అడగడం తప్పెలా అవుతుంది?

దీని బలహీనత కూడా పెద్దదే. కారా విచారణలో చాలా భాగం వేరే అవసరం కోసం పెట్టింది. ఎదురుచూస్తున్న ఇళ్ళలో ఏది ఈ బిడ్డకి సరిపోతుందో తేల్చడానికి వయసుల లెక్కలు, ఆదాయం కాగితాలు, తెలిసినవాళ్ళ ఉత్తరాలు కావాలి. సరోగసీలో అలా ఎంచాల్సిన పని లేదు, ఆ బిడ్డకి ఆ ఇల్లొక్కటే. పైగా సమయం సరిపోదు. మోసే తల్లికి 35 దాటకూడదు. దత్తతలో మేము మూడేళ్లు ఎదురుచూశాం, ఇందులో మూడేళ్లు పోతే ఒప్పుకున్న మనిషి అర్హత పోతుంది. ఇంకో సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. ఇల్లు చూడ్డానికి వచ్చే మనిషి మంచివారైతే మా సోషల్ వర్కర్‌లా గేటు గడియ చూస్తారు. కాకపోతే కులం చూస్తారు, పెంకుటిల్లా డాబానా చూస్తారు, చెయ్యి చాపుతారు. మా ఫైలు ఒక ఆఫీసులో రెండు నెలలు కదల్లేదు. ఎందుకు కదల్లేదో మాకు తెలుసు, కదిలించడానికి ఏం అడిగారో కూడా తెలుసు. కొత్త విచారణ పెడితే కొత్త బల్ల కూడా వస్తుంది.

రెండోది, ఇప్పుడున్నట్టే వదిలెయ్యడం. దీని తరఫున చెప్పే మాట: పిల్లల్లేక ఏళ్ల తరబడి ఏడ్చినవాళ్ళు బిడ్డని బాగా చూసుకోరా, వాళ్ళని దొంగల్లా ఎందుకు నిలబెట్టాలి? ఈ మాటలో బాధ నిజం. ఆ బాధ నేనూ పడ్డాను, పెళ్ళిళ్ళలో నన్ను పేరంటానికి పిలవడానికి వెనకాడినవాళ్ళని చూశాను. కానీ హోమ్ స్టడీ రోజు నేను దొంగలా నిలబడలేదు. పెళ్ళైన పదకొండేళ్లలో నా భర్త పిల్లల గురించి తన భయాలు నాతో మొదటిసారి మాట్లాడింది ఆ రాత్రే. అవమానం అడిగే తీరులో ఉంటుంది. అడగడమే అవమానమని నేననుకోను.

మూడోది, దత్తత నుంచి కావలసినవి మాత్రమే తెచ్చుకుని, దత్తతలో లేనివి కొన్ని కలపడం. వేరే దేశాలు రకరకాలుగా చేస్తున్నాయి. బ్రిటన్‌లో బిడ్డ పుట్టాక దంపతులు కోర్టుకి వెళ్ళి పేరెంటల్ ఆర్డర్ తెచ్చుకోవాలి, కోర్టు నియమించిన మనిషి ఇంటికొచ్చి బిడ్డని చూసి రిపోర్టు ఇస్తారు. కన్నామె ఒప్పుకోలు కాన్పైన ఆరు వారాలు దాటాకే చెల్లుతుంది. న్యూజిలాండ్‌లో ఏళ్లుగా ఉన్న పద్ధతి ప్రకారం ముందు ఒక ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, పుట్టాక బిడ్డని చట్టప్రకారం దత్తత కూడా తీసుకోవాలి. న్యూజిలాండ్ పద్ధతి నాకు నచ్చలేదు. సొంత రక్తాన్ని తనే దత్తత తీసుకోవడమంటే అక్కలాంటి వాళ్ళ మనసు ఎంత నొచ్చుకుంటుందో నాకు తెలుసు. బ్రిటన్‌వాళ్ళ ఆరు వారాల ఆలోచన మాత్రం చాలా నచ్చింది. పచ్చి బాలింతకి ఊపిరి తీసుకునే వ్యవధి అది.

నేను ఎంచుకునేది

నా ఓటు మూడోదానికి. దత్తత నుంచి తెచ్చుకోవలసినవి నాకు మూడే కనిపిస్తున్నాయి.

ఒకటి, నేర చరిత్ర. ఇందులో రాజీ లేదు. 2012 నాటి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం కింద కేసున్న మనిషి, ఆడవాళ్ళ మీద హింస కేసుల్లో శిక్ష పడిన మనిషి దంపతుల్లోనే కాదు, ఆ ఇంట్లో ఉండే పెద్దల్లో ఉన్నా అర్హత కాగితం ఇవ్వకూడదు. లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ 2018 నుంచి పోలీసుల దగ్గర ఉంది. మెడికల్ బోర్డు కాగితం కోసం తిరిగే రోజుల్లోనే ఇది కూడా అయిపోతుంది, విడిగా ఒక్క రోజు కూడా పట్టదు.

రెండు, విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడడం. మార్కులు వెయ్యడానికి కాదు. రాత్రి ఎవరు లేస్తారని అడగడానికి. బిడ్డకి లోపం ఉంటే ఏం చేస్తారు, మధ్యలో మీరిద్దరూ విడిపోతే ఏం చేస్తారు అని అడగడానికి. 2008లో జపాన్ నుంచి వచ్చిన ఒక జంట, గుజరాత్‌లో సరోగసీ బిడ్డ పుట్టకముందే విడిపోయారు, ఆ పాప ఎవరి దగ్గర ఉండాలన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ముందే అడగాల్సిన ప్రశ్న అది.

మూడు, పుట్టాక ఒక రెండుసార్లు వచ్చి చూడడం. మన ఊళ్ళలో ప్రతి బాలింత ఇంటికీ ఆశా కార్యకర్త ఎలాగూ వెళ్తుంది. ఆ దారినే వాడుకోవచ్చు, కొత్త ఆఫీసు అక్కర్లేదు.

వదిలెయ్యాల్సినవి: ఆదాయం లెక్కలు, తెలిసినవాళ్ళ ఉత్తరాలు, ఇల్లు సొంతమా అద్దా అనే ప్రశ్నలు. వీటి వల్ల బిడ్డకి రక్షణ రాదు, పేదవాళ్ళకి మాత్రం తలుపు మూసుకుంటుంది.

దత్తతలో లేకపోయినా సరోగసీకి తప్పనిసరిగా కలపవలసినవి రెండున్నాయి. పుట్టగానే డీఎన్ఏ పరీక్ష, ఆసుపత్రితో సంబంధం లేని ల్యాబులో. ఇంకోటి, మోసే తల్లి ఇంటికి వెళ్ళడం. దంపతుల ఇంటికన్నా ముందు చూడవలసిన ఇల్లు అదే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. అత్తగారు, భర్త, ఆసుపత్రి మనిషి ఎవరూ లేని చోట, తనకి నమ్మకమున్న ఆడమనిషి ఎవరైనా తనని అడగాలి. ‘కాదంటే ఏమవుతుంది’ అన్న ప్రశ్నకి ఆవిడ ఇచ్చే జవాబే అసలు సర్టిఫికెట్. వద్దంటే ఆ సంగతి ఇంట్లో తెలియకుండా, ‘వైద్య కారణాల వల్ల పనికిరాదు’ అని రాసి పంపే వీలు కూడా ఉండాలి. అలా రాయడం అబద్ధమే, కానీ ఒక కోడలి కాపురం నిలబెట్టే అబద్ధం.

ఇప్పుడు ఇంట్లో తేల్చుకోవాల్సినవాళ్ళకి

చట్టం మారేదాకా ఆగలేని వాళ్ళకి నేనిచ్చే సలహా ఇది. వైద్య కారణం లేకుండా సరోగసీ కుదరదు కాబట్టి, మెడికల్ బోర్డు ఒప్పుకోదని మీ డాక్టరే చెబుతుంటే అక్కడితో ఆపి కారా పోర్టల్‌లో పేరు నమోదు చెయ్యండి. నిరీక్షణ ఏళ్లలో ఉంటుంది, ఒక్కో ఏడాదీ వయసు లెక్కలో పోతుంది, అందుకని ఆలోచిస్తూ కూర్చోకండి. కాస్త పెద్ద పిల్లలు పర్వాలేదనుకుంటే త్వరగా అవుతుంది. ఏ నర్సో, ఏ ఆటో అతనో బిడ్డని ఇప్పిస్తామంటే, ఆ బిడ్డ ఎంత ముద్దుగా ఉన్నా సరే వెనక్కి తిరగండి. అది అమ్మకం కిందికి వస్తుంది, బిడ్డల్ని అమ్మినా కొన్నా అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. పెంచుకున్న బిడ్డని ఒకరోజు పోలీసులు వచ్చి తీసుకెళ్ళే కష్టం పగవాళ్ళకి కూడా వద్దు.

చుట్టాల బిడ్డని పెంచుకునేవాళ్ళు హోమం ఎంత బాగా చేసినా రిజిస్ట్రేషన్ మానకండి. కన్నతల్లి మనస్ఫూర్తిగా ఇస్తోందా అని ఆవిడని ఒంటరిగా అడగండి. ఇక్కడ కూడా అదే ప్రశ్న.

సరోగసీకి వెళ్ళేవాళ్ళు, ఎవరూ అడగకపోయినా, మీ అంతట మీరే ఇద్దరూ పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ తీసుకుని ఫైల్లో పెట్టండి. మీకు సిగ్గనిపిస్తే, మోసే మనిషి వైపు నుంచి ఆలోచించండి: తన కడుపున మోసిన బిడ్డని ఎవరి చేతుల్లో పెడుతోందో తెలుసుకునే హక్కు ఆవిడకి లేదా? సెంటర్‌కి సరోగసీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో నంబరుతో సహా చూడండి. మోసే తల్లి ఎవరో మీకు చూపించడం కుదరదని, ఆవిడ పేరు కూడా చెప్పడం కుదరదని అన్నారంటే అక్కడ ఒక్క రూపాయి కట్టొద్దు. నెలకోసారి ఆవిడతో పాటు స్కానింగ్‌కి మీరూ వెళ్ళండి. పుట్టాక డీఎన్ఏ పరీక్ష మీరే చేయించుకోండి.

మోసేది మీ తోడికోడలో, ఆడపడుచో, మరదలో అయితే, అడిగే ముందు ఒక నెల ఆగండి. అడిగేది మీ అత్తగారి చేత కాకుండా చూడండి. ఒప్పుకున్నాక మీ ఊరి వాళ్ళు కాని, మీ ఇంటితో లావాదేవీ లేని కౌన్సెలర్ దగ్గరికి తనని ఒక్కదాన్నే పంపండి, మీరు బయట బస్టాండులో కూర్చోండి. ఇన్సూరెన్స్ పాలసీ కాగితం అసలుది తన చేతికివ్వండి, మీ బీరువాలో పెట్టుకోకండి. 36 నెలలు ఏ తేదీన అయిపోతాయో క్యాలెండర్ మీద తనకి కనబడేలా రాసి పెట్టండి. బిడ్డ మీ ఒళ్ళోకి వచ్చాక కూడా ఆ తేదీ దాటేదాకా తన నడుం నొప్పి, తన రక్తహీనత మీ ఖర్చే.